మూఢంలో దర్వాజ

మహబూబాబాద్‌లో రైలు గేటు అవతల, సదానందం దర్వాజల కార్ఖానా. తండా నుంచి తలుపు కొనడానికి వచ్చిన హరిలాల్, అతని భార్య కళావతి ఇంతసేపూ ఒక్క తలుపు దగ్గరా ఒక్క మాట మీద నిలబడలేదు.

"గా తలుపు కాదు, సదానందం. నెమళ్లున్నది చూపియ్యమన్న. రెండు రెక్కలది."

"నెమళ్లు ఏం చేస్తయి? గాలి ఊదుతయా? తమ్మీ, నువ్వు ఈయన మాట ఇనకు. గా మూలకున్నది చూడు, సగం దాక బొక్కల జాలి ఉన్నది. గది చాలు మాకు."

"అక్కా, గా జాలి తలుపు వెనక పెరటి దిక్కు పెట్టేది. ఇంటి ముందట పెడితే చూసెటోళ్లు ఏమంటరు?"

"చూసెటోళ్లు లోపటికి చూస్తరు. మంచిదే గద."

"ఇను, ఇను! లోపటికి చూస్తే మంచిదట. దొంగలు గూడ గదే అంటరు కళా."

"మన ఇంట్ల దొంగకేం దొరుకుతది? నీ మెడకున్న తువ్వాలనా?"

"అవునన్నా, నేను గూడ అడుగుదామనుకున్న. గింత ఎండల మెడకు గా తువ్వాల ఏంది? చూస్తుంటే నాకే ఉడుకపోస్తుంది. తీసి పక్కన పెట్టు, ఫ్యాన్ ఇటు తిప్పుత."

"ఉండనియ్. భూపాలపల్లిల టిప్పర్ తోలినప్పటి అలవాటు. బొగ్గు దుమ్ము. నువ్వు నెమళ్ల సంగతి చెప్పు."

"చెప్త. ఇగో, గిది అసలు టేకు. చెయ్యి పెట్టి చూడు, ఎంత మందమున్నదో. నడుమ తాళం, లోపట కింద మీద గొళ్లాలు. లోపటికెల్లి పెట్టుకున్నరనుకో, పదిమంది భుజాలు పెట్టి నూకినా ఇంచు కదలదు."

"గదే కావాలె."

"గది వద్దు."

"ఇద్దరు ఒక్కసారే చెప్తే నేను ఎవల మాట ఇనాలె? ఒకలు చెప్పుండ్రి."

"నేనే చెప్త. ఇల్లు కట్టిచ్చేది నేను."

"ఎవలి కోసం కట్టిస్తున్నవ్?"

"నీ కోసమే కళా. ఇంకెవలి కోసం?"

"నా కోసమైతే నేను చెప్పింది తీసుకో. గంతే."

"జర ఆగుండ్రి ఇద్దరు. అన్నా, మీ ఇల్లు ఎటు మొఖం?"

"తూర్పు."

"వెనక గోడకు కిటికి ఉన్నదా?"

"ఉన్నది. పెద్దదే పెట్టిచ్చిన."

"అయితే ఏం లేదు. దర్వాజ మీద వెంటిలేటర్ పెడత. తలుపు మూసుకున్నా ఇటు గాలి అటు పోతది. టేకు తలుపుకు టేకు తలుపు, గాలికి గాలి. అక్కకు ఉడుకపొయ్యది."

"ఉత్త గాలి ఆడితే సరిపోదు తమ్మీ. మాట గూడ ఇనబడాలె."

"మాటనా?"

"లోపట మనిషి మూలిగితే బయటికి ఇనబడాలె. తలుపు మూసి ఉన్నా లోపట ఏమైతుందో పక్కింటోళ్లకు తెల్వాలె."

"చూస్తున్నవా సదానందం? అందరు ఇంటి ముచ్చట బయటికి పోవద్దని తలుపు పెట్టుకుంటరు. నా పెండ్లాం ముచ్చట బయటికి పంపేటందుకు తలుపు కొంటదట."

"నువ్వు నవ్వకు. తమ్మీ, నేను నిజంగనే చెప్తున్న."

"సరే అక్కా. నువ్వు జర గా స్టూలు మీద కూసో. అప్పటికెల్లి నిలబడే ఉన్నవ్, మొఖం వాడిపోయింది. అన్నా, ఎన్నటికి కావాలె మీకు?"

"ఐతారం."

"ఏ ఐతారం?"

"గీ వచ్చే ఐతారం. పొద్దుగాల్ల నువ్వే వచ్చి దర్వాజ ఎత్తాలె."

"ఐతారమా! అన్నా, మూఢం నడుస్తుంది గద. లగ్గాలే లేవు, దర్వాజ ఎత్తుతరా ఎవలన్న?"

"నేను గదే చెప్పిన తమ్మీ. శ్రావణం దాక ఆగుదామంటే ఇనడు. గోడలైనయి, రేకులు పడ్డయి, ఇగ దర్వాజ సందొక్కటే మిగిలింది. మేస్త్రి గూడ మూఢంల నేను పెట్ట అని చెయ్యి కడుక్కొని పోయిండు."

"మేస్త్రి పోతే పోనీ. సదానందం పెడతడు."

"నేనెట్ల పెడత అన్నా? మూఢంల దర్వాజ ఎత్తితే ఇంటోళ్లకే కాదు, ఎత్తిన వడ్లోనికి గూడ మంచిది కాదు. మా నాయిన చిన్నప్పటి సంది చెప్పిన మాట గది. నెమళ్లు చెక్కమను, హంసలు చెక్కమను, చెక్కుత. మూఢంల మాత్రం కడప మీద చెయ్యి పెట్ట."

"నువ్వు ఈయనకు జర మంచిగ చెప్పు తమ్మీ. నేను పంపు కాడికి పోయి మొఖం మీద నీళ్లు కొట్టుకొస్త. కడుపుల తిప్పుతుంది."

"ఆగు, నేను వస్త."

"నువ్వెందుకు? నువ్వు నెమళ్లను చూసుకుంట కూసో."

"అక్కా, గా చెక్కలు చూసుకొని నడువు. వెనక మా ఇంటామె ఉన్నది. చాయ్ పోస్తది, తాగి రా."

"చాయ్ నిలుస్తలేదు తమ్మీ కడుపుల. నీళ్లు చాలు."

"… పోయిందా?"

"పోయింది అన్నా. పంపు కాడ ఉన్నది. అన్నా, నా మాట ఇను. శ్రావణంల మంచి లగ్గం చూసుకో. మీ అక్కచెల్లెండ్లు ఎవలన్న ఉంటే పిలుసుకో, కడపకు పసుపు రాస్తరు, బట్టలు పెట్టుకుంటవ్…"

"మా రాజీ ఉన్నది, రఘునాథపల్లిల. చెప్పిన. ఐతారమే వస్తది."

"మళ్ల ఐతారమంటవ్! శ్రావణమంటే ఎంత దూరమున్నది అన్నా?"

"ఆమెకు శ్రావణం లేదు, సదానందం."

"ఏంది?"

"మెల్లగ మాట్లాడు. కళావతికి శ్రావణం లేదు. కడుపుల గడ్డ. అంతటికి పాకింది. వరంగల్ దవాఖానల డాక్టరమ్మ చెప్పింది, కోసినా లాభం లేదని. ఇంటికి తీస్కపోయి మంచిగ చూసుకోమన్నది. తీస్కపోను ఇల్లేది నాకు?"

"అయ్యో… అక్కకు తెలుసా?"

"తెల్వది. కడుపుల పుండు, గోలీలకు తగ్గుతదని చెప్పిన. ఆమె మొఖం చూడకుండ చెప్పిన. నమ్మింది."

"అన్నా, తప్పుగ అనుకోకు. గిసొంటి టైంల దర్వాజ మీద గింత పరేషాన్ ఎందుకు? ఆమెకు తినబుద్దైంది తినబెట్టు, పక్కన కూసో. ఇప్పుడు ఏడ ఉంటున్నరు?"

"తండల మా తమ్ముని కొట్టంల. నువ్వు ఎన్నడన్న కిరాయికున్నవా సదానందం?"

"లేదు అన్నా. మా తాత కట్టిన ఇల్లే మాది."

"గందుకే నీకు ఎరుక లేదు. భూపాలపల్లిల ఒకలింటి వెనక రూముల ఉంటిమి మేము. ముందట దర్వాజ ఇంటోనిది. మా రూముకు పోవాలంటే గా దర్వాజ దాటే పోవాలె. ఆ తలుపు మీద రెండు నెమళ్లు, ఎదురుబొదురుగ. పండుగ పూట ఇంటోళ్ల కంటే ముందు కళావతే కడప కడిగి ముగ్గు పెట్టేది. ఎవలు చెప్పలే ఆమెకు. మనమున్న ఇల్లే గద అనేది."

"ఊఁ."

"మా మోతిని మహదేవపూర్ తొవ్వల లారీ గుద్దింది. ఒక్కడే కొడుకు. దవాఖాన పని అయినంక బండిల ఏసుకొని తెచ్చినం. ఇంటాయన దర్వాజకు అడ్డం కుర్చీ ఏసుకొని కూసున్నడు."

"అడ్డమా?"

"శవం కడప దాటొద్దన్నడు. ఇంట్ల చిన్నపిల్లలున్నరు, రేపు ఎవడు కిరాయికొస్తడు అన్నడు. కోపంగ అనలే. నీళ్లు కావాలంటే బిందె ఇస్త, కుర్చీలు ఇస్త అన్నడు. లోపటికి మాత్రం వద్దన్నడు. నేను కాళ్లు పట్టుకున్న సదానందం."

"తండకు తీస్కపోకపోతిరా అన్నా?"

"తండల మా పాత ఇల్లు కూలిపోయి మొండిగోడలున్నయి. తమ్ముని ఇంటి ముందట బిడ్డ పెండ్లి పందిరి ఏసి ఉండె. పందిరి కిందికి ఎట్ల తెమ్మంటడు వాడు? తెమ్మనలే. నేను అడగలే. మోరీ పక్కన, రోడ్డు మీద పండబెట్టినం పిల్లగాన్ని. వాన వచ్చింది. ఎవలో పల్లీల బండి ఆయన బండి మీది పట్టా ఇప్పి ఇచ్చిండు. కళావతేమో 'నా కొడుకు తడుస్తున్నడు, తడుస్తున్నడు' అని కొంగుతోటి తుడుసుకుంట కూసున్నది. నేను గా తలుపు మీది నెమళ్లను చూసుకుంట కూసున్న. ఇంకెటు చూడాలె నేను? ఆడి మట్టిలనే పెట్టొచ్చినం వాన్ని. సొంతింటికెల్లి పోలే నా కొడుకు."

"ఊకో అన్నా. నీళ్లు తాగు, ఇగో."

"వద్దు. ఆమె వచ్చేలోపు చెప్పనియ్. నా పెండ్లాన్ని రోడ్డు మీద పండబెట్ట సదానందం. అది నడిమింట్ల పండాలె. తలాపున దీపముండాలె. వచ్చినోళ్లు మా కడప దాటి లోపటికొచ్చి ఏడవాలె. గందుకే వెడల్పు కావాలన్న. నలుగురు మోసుకొని ఎక్కడ తగలకుండ వచ్చి పోయేటంత. నెమళ్లు గూడ గందుకే. ఆ ఇంటోని తలుపు మీది వాటికంటే మంచిగుండాలె."

"చెక్కుత అన్నా. నా చెయ్యి నొచ్చినా సరే, చెక్కుత."

"మరి మూఢం?"

"మూఢం లేదు, ఏం లేదు. ఐతారం పొద్దుగాల్ల నేనే వచ్చి ఎత్తుత. ఎవలన్న అడిగితే సదానందం ఎత్తిండని నా పేరే చెప్పు."

"బతికిచ్చినవ్."

"గొళ్లెం ఎసొంటిది పెట్టాలె?"

"లోపట పెద్దది పెట్టు. నీ కాడ ఉన్నదాంట్ల అన్నిటికంటే గట్టిది. ఆమెను సాగనంపినంక లోపటికెల్లి పెట్టుకుంట. ఇగ ఎవడు తట్టినా తియ్య."

"గట్లనకు అన్నా."

"ఊకె, మాట వరసకు అన్న. అగో, వస్తుంది. కండ్లు తుడుసుకో."

"నువ్వు తుడుసుకో ముందు."

"ఏం ముచ్చటలు పెట్టిండ్రు ఇద్దరు? మొఖాలు గట్ల చేసుకున్నరు?"

"ఏం లేదు కళా. రంపం పొట్టు కండ్లల్ల పడ్డది."

"ఇద్దరి కండ్లల్ల ఒక్కపారే పడ్డదా?"

"గాలికి లేసింది అక్కా. మూఢం సంగతి మాట్లాడుకున్నం. నేను ఎత్తుత అక్కా ఐతారం. మాయన్న గింత పట్టు పడితే ఏం చేస్త?"

"నీ చేత గూడ ఒప్పిచ్చిండా! సరే. రానియ్ ఐతారం. ఇగ నెమళ్లు గూడ ఒప్పుకున్నవా?"

"ఒప్పుకున్న అక్కా. నీకు గాలి గూడ కావాలె, నాకు ఎరుకనే. రెండు జతలు పెడదామా? బయట జాలి తలుపు, లోపట టేకుది?"

"రెండు జతలెందుకు? ఒక్కటే చెయ్. నెమళ్లు చెక్కుతవ్ గద, వాటి తోకలకు కండ్లుంటయి గద. గా కండ్లల్ల ఆర్‌పార్ బొక్కలు కొయ్యి. గాలి పోతది, మాట పోతది. ఆయన నెమళ్లు ఆయనకుంటయి."

"అరె! గీ ఆలోచన నాకు రాలే అక్కా. ఎలుతురు పడితే బండల మీద మచ్చలు మచ్చలు మంచిగ కనబడ్తయి గూడ."

"చూసినవా సదానందం? బడి మొఖం చూడలేదు కళావతి. చూస్తే ఇంజనీర్ అవుతుండె."

"అయితుంటి, అయితుంటి. నీ తోటి తండల బువ్వ ఒండెటందుకు రాకపోతే."

"సదానందం, బొక్కలు చిన్నగ పెట్టు, చెయ్యి పట్టొద్దు. చెయ్యి పడితే బయటికెల్లి గొళ్లెం తీస్తరు."

"చెయ్యి పట్టెటంత పెట్టు తమ్మీ."

"మళ్ల మొదలువెట్టింది! తలుపన్నంక లోపట గొళ్లెం ఉండొద్దా? నువ్వు దీని మాట ఇనకు, సదానందం. రాసుకో. లోపట పెద్ద గొళ్లెం."

"రాసుకుంట అన్నా. గీ చెక్క మీదనే రాస్త."

"ఇగో, ఇటు చూడు."

"ఏంది కళా? నొస్తుందా?"

"నొస్తలేదు. గేటు కాడ అరటిపండ్ల బండి చూసిన వచ్చేటప్పుడు. ఒకటి తినబుద్దైతుంది."

"తినబుద్దైతుందా? నిజంగనా?"

"అబద్ధం ఎందుకు చెప్త?"

"ఇన్నవా సదానందం? మూడొద్దుల సంది మెతుకు ముట్టలే. తినబుద్దైతుందట! ఇప్పుడే తెస్త. మక్కినయి తెస్త, మెత్తగుంటయి. నువ్వు కూసో, లేవకు. సదానందం, లేవనియ్యకు."

"మెల్లగ పో. పట్టాలు చూసుకొని దాటు."

"చూసుకుంట, చూసుకుంట!"

"ఎట్ల ఉరుకుతున్నడో చూడు తమ్మీ. నా నోట్లె ఒక్క పండు పోతదంటే."

"మంచోడు అక్కా అన్న."

"మంచోడే. చెవి మీది పెన్సిల్ తియ్యి. జల్ది. గా చెక్క మీద రాసింది కొట్టెయ్. లోపట గొళ్లెం వద్దు. చిన్నది గూడ వద్దు. బయట ఒక్కటి పెట్టు, ఊరికి పోతే తాళం ఏసుకునేటందుకు."

"అక్కా, లోపట గొళ్లెం లేకుంటే రాత్రి ఎట్ల పంటరు?"

"పంటడు ఒక్కడే గద. ఏం కాదు. పక్కింటి లక్ష్మక్కకు చెప్పిపెట్టిన. పొద్దున లేవంగనే మా తలుపు నూకి ఒకసారి చూసి పొమ్మన్న. ఇన్ని చాయ్ నీళ్లు పోసి పొమ్మన్న. నూకంగనే తెరుసుకోవాలె తమ్మీ."

"ఒక్కడే ఏంది అక్కా, నువ్వు…"

"నీకు చెప్పలేదా ఆయన? నేను బతకనని?"

"నీళ్లు తెప్పిస్త అక్కా, నువ్వు కూసో."

"చెప్పిండు. పొట్టు పడ్డ కండ్లు నాకు తెల్వయా?"

"అక్కా… నీకు తెల్వదన్నడు."

"ఆ డాక్టరమ్మ రూముకు సగం తలుపే ఉండె తమ్మీ. మీద లేదు, కింద లేదు, నడుమ ఇంత రెక్క. నన్ను బయట బల్ల మీద కూసోబెట్టి ఈయన్ను లోపటికి పిలిచిండ్రు. కింద ఈయన కాళ్లు కనబడుతున్నయి. డాక్టరమ్మ మెల్లగనే చెప్పింది. నాకు అంత ఇనబడ్డది. ఆ కాళ్లనే చూసుకుంట ఇన్న."

"మరి అన్నకు చెప్పకపోతివా, నాకు ఎరుకనే అని?"

"ఎట్ల చెప్త? నాకు ఎరుక లేదనే ధైర్యం మీదనే తిరుగుతున్నడు. ఇటుకలు అంటడు, రేకులు అంటడు, నెమళ్లు అంటడు. ఆ పని మీద నా చావు మర్చిపోతున్నడు. మర్చిపోనియ్. నాకు ఏడ పండితే ఏమున్నది? రోడ్డైతేంది, నడిమిల్లైతేంది. నేను చూడొస్తనా?"

"గట్ల అనకు అక్కా, నా పానం కొట్టుకుంటుంది."

"నా పానం గూడ కొట్టుకుంటుంది, నా కోసం కాదు. నువ్వు నాకొక్క పని చెయ్యి. ఆయన రాంగనే నీ నోటితోటి చెప్పు, మూఢంల ఎత్తిన దర్వాజకు లోపట గొళ్లెం పెట్టరని. నేను చెప్తే కయ్యం పెట్టుకుంటడు. వడ్లాయన చెప్తే ఇంటడు. ఎన్నటికీ పెట్టొద్దని చెప్పు."

"అట్ల శాస్త్రం ఏడ లేదక్కా."

"లేకుంటే నువ్వు పెట్టు. మీ నాయిన చెప్పిండని చెప్పు."

"మా నాయిన పేరు మీద అబద్ధమా? అక్కా, టేకు తలుపు పెట్టి గొళ్లెం పెట్టకపోతే నన్నే నవ్వుతరు. ఏం చేసింది నిన్ను గా గొళ్లెం? అన్నేమో ఇందాక…"

"ఇందాక ఏమన్నడు?"

"ఏం లేదు."

"చెప్పు తమ్మీ."

"నిన్ను సాగనంపినంక లోపటికెల్లి పెట్టుకుంటడట. ఎవలు తట్టినా తియ్యడట. మాట వరసకే అన్నడు."

"అన్నడా? నీతోటి గూడ అన్నడా?"

"అక్కా, ఏడవకు. అగో, అన్న పట్టాలు దాటుతున్నడు. పండ్లు గుండెకు పెట్టుకొని ఉరికొస్తున్నడు. చూస్తడు."

"చూడనియ్, పొట్టు పడ్డదని చెప్త. మెడకు తువ్వాల ఎందుకని అడిగితివి గద ఆయన్ను. మోతి పోయిన నెలకు నేను రేషన్ బియ్యానికి పోయొచ్చేవరకు మా రూముకు లోపట గొళ్లెం పెట్టి ఉన్నది. పిలిస్తే పలకలే. పాత పలకల తలుపు గనక పొత్రం ఎత్తి కొడితే పలిగింది, తాడు కోసి దించిన. నీ టేకు తలుపు పలగ్గొట్టెటందుకు నేనుండ తమ్మీ."